పత్రిక, పఠనమందిరము, పౌరస్వేచ్ఛ: పెంటపాటి ప్రాంత చరిత్రనుండి ఒక విచారణ

పత్రికల చరిత్రను వ్రాయువారు సాధారణముగ ఇద్దరిని గూర్చియే వ్రాయుదురు. సంపాదకుడొకడు, ప్రభుత్వమొకటి. సంపాదకుడు వ్రాసెను, ప్రభుత్వము శిక్షించెను, కొంతకాలమునకు చట్టము రద్దయ్యెను అను క్రమమున ఆ కథ నడచును. ఈ కథలో మూడవవాడొకడు కలడు. అతడు పాఠకుడు. అతడు పత్రికను చందా కట్టి తెప్పించుకొనినవాడు కావచ్చును. ఇంకొకడు చదువుచుండగ అరుగుపై కూర్చుండి వినినవాడు కావచ్చును. వినినదానిని ఒప్పుకొనక వాదమునకు దిగినవాడును కావచ్చును. ఈ మూడవవానిని విడిచిపెట్టి భావస్వాతంత్ర్యచరిత్రను సమగ్రముగ వ్రాయుట సాధ్యము కాదని మా అభిప్రాయము. ఈ అభిప్రాయమునకు ఆధారములైన విషయములను, పెంటపాడును నడుమ నుంచుకొని, ఏలూరు, తాడేపల్లిగూడెము, భీమవరము ప్రాంతముల చరిత్రనుండి ఈ వ్యాసమున చూపదలచితిమి.

1. దేశము, దారులు

పెంటపాడు తాడేపల్లిగూడెమునకు సమీపముననున్న డెల్టా గ్రామము. ఈ ప్రాంతము పాలనాదృష్టితో పలుమార్లు చేతులు మారినది. పూర్వము గోదావరి జిల్లాలోనుండిన ఏలూరు, తణుకు, భీమవరము మున్నగు తాలూకాలు 1904 లో కృష్ణాజిల్లాలో చేర్పబడెను. 1925 లో వీనితో పశ్చిమగోదావరి జిల్లా ఏర్పడెను. 1953 అక్టోబరు 1 న ఆంధ్రరాష్ట్రము అవతరించువరకు ఇది మద్రాసు రాష్ట్రములోని భాగము. 2022 ఏప్రిలు 4 న జరిగిన పునర్విభజనలో ఏలూరు వేరొక జిల్లాకు కేంద్రము కాగా, పెంటపాడు, తాడేపల్లిగూడెము భీమవరము కేంద్రముగ గల పశ్చిమగోదావరిలో నిలిచెను. ఈ వివరములు మన విషయమునకు అప్రస్తుతములు కావు. ఒక గ్రామమునకు ఏ పత్రిక తన పత్రికయో, ఏ ప్రభుత్వపు నిషేధాజ్ఞ తన గడపకు వర్తించునో నిర్ణయించునవి ఈ సరిహద్దులే.

1847 మొదలు 1852 వరకు ధవళేశ్వరమున కట్టబడిన ఆనకట్ట ఈ దేశపు ఆర్థికస్థితిని మార్చివేసెను. కాలువలు నీటిని మాత్రమే గాక పడవలను, పడవలతో సరకులను, సరకులతో వార్తలను గూడ తెచ్చెను. 1890 దశకమున బెజవాడనుండి ఉత్తరముగ సాగిన రైలుమార్గము ఏలూరును, తాడేపల్లిగూడెమును కలిపెను. మాగాణివలన చేతిలో నాలుగు రూకలు నిలిచిన రైతు కుమారుని ఏలూరికో, రాజమహేంద్రవరమునకో చదువునకు పంపగలిగెను. సెలవులకు ఇంటికి వచ్చిన ఆ కుమారుడు పత్రికను వెంటతెచ్చెను. ఆనకట్ట, రైలు, టపా, పాఠశాల అను నాలుగును కలిసి ఈ డెల్టాలో పాఠకుని సృష్టించెనని చెప్పవచ్చును.

2. పత్రిక వచ్చినది

కందుకూరి వీరేశలింగము పంతులుగారు వివేకవర్ధనిని 1874 లో ప్రారంభించిరి. నాలుగేండ్లకే, అనగా 1878 లో, దేశభాషాపత్రికలను అదుపులో నుంచుటకై లిట్టను ప్రభుత్వము ప్రత్యేకచట్టము చేసెను. ఇంగ్లీషు పత్రికలకు ఆ చట్టము వర్తింపదు. ఒకే విషయమును ఇంగ్లీషున వ్రాసిన నిర్భయముగ నుండవచ్చును, దేశభాషలో వ్రాసిన భయపడవలెను. ఇందలి తర్కము స్పష్టము. ప్రభుత్వము భయపడినది వ్రాతకు కాదు. ఆ వ్రాత ఎంతమంది చెవులబడునో, దానికి భయపడెను. రిప్పను ప్రభువు కాలమున ఆ చట్టము రద్దయ్యెను గాని, దాని వెనుకనున్న భయము రద్దు కాలేదు.

1902 వ సంవత్సరము ఈ ప్రాంతమునకు ముఖ్యమైనది. ఆ యేట మచిలీపట్టణమున కృష్ణాపత్రిక పుట్టెను. 1907 మొదలు 1945 వరకు ముట్నూరి కృష్ణారావుగారు దానికి సంపాదకులైరి. 1904 తరువాత ఏలూరు, తణుకు తాలూకాలవారు కృష్ణాజిల్లావారే గనుక కృష్ణాపత్రిక వారి జిల్లాపత్రికయే. అదే 1902 లో ఏలూరున సత్తిరాజు సీతారామయ్యగారు హిందూసుందరిని స్థాపించిరి. స్త్రీలే సంపాదకురాండ్రుగ వెలువడిన తొలి తెలుగు పత్రికలలో అది యొకటి. పిమ్మట కాకినాడకు తరలిపోయినను, అది ఏలూరున పుట్టినదను విషయమును మనము మరువరాదు. దానిని గూర్చి మరల ముచ్చటింతుము. 1908 లో కాశీనాథుని నాగేశ్వరరావుగారు బొంబాయిలో ఆంధ్రపత్రికను వారపత్రికగ స్థాపించిరి. 1914 లో అది మద్రాసునుండి దినపత్రికయై వెలువడెను. వారమున కొకసారి చల్లారిన వార్త చదివిన గ్రామమునకు ఇక ప్రతిదినము వార్త వచ్చుట సాధ్యమయ్యెను.

3. ఒక సంపాదకుని శిక్ష

1907 ఏప్రిలులో బిపినచంద్రపాలు ఆంధ్రదేశమున పర్యటించెను. రాజమహేంద్రవరము ట్రెయినింగు కాలేజీ విద్యార్థులు వందేమాతరమని నినదించి శిక్షలకు గురియైరి. వారిలో గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారొకరు. మరుసటి యేడు బెజవాడలో ఆయన స్వరాజ్య అను వారపత్రికను నడపెను. 1908 మార్చిలో తిరునల్వేలియందు చిదంబరం పిళ్ళ నిర్బంధము, ఆపై కాల్పులు జరిగినప్పుడు ఆ పత్రికలో వెలువడిన వ్యాసముపై ప్రభుత్వము 124-ఎ సెక్షను క్రింద రాజద్రోహనేరము మోపెను. ఈ సెక్షను శిక్షాస్మృతిలో 1870 లో చేర్పబడినది. క్రింది న్యాయస్థానము విధించిన శిక్ష చాలదని హైకోర్టు దానిని మూడేండ్లకు పెంచెను. గాడిచర్లవారు ఆ కాలమును వెల్లూరు కారాగారమున గడపిరి.

1910 లో వచ్చిన ముద్రణచట్టము మరియొక మార్గము త్రొక్కెను. క్రొత్తగ ముద్రాయంత్రము పెట్టువానినుండి 500 రూపాయలకు తగ్గకుండ, 2,000 రూపాయలకు మించకుండ ధరావతు కోరవచ్చునని అది శాసించెను. ప్రభుత్వమునకు నచ్చని వ్రాత వచ్చినచో ఆ ధరావతు పోవును. ఆనాటి రెండువేల రూపాయలు ఒక చిన్న ముద్రణాలయమును మూయించుటకు చాలును. కారాగారశిక్ష విధించినచో సంపాదకుడు వీరుడగును. ధరావతు పోయినచో కేవలము అప్పులపాలగును. పత్రికాస్వేచ్ఛను హరించుటకు రెండవ పద్ధతియే నిశ్శబ్దమైనది. ఆ చట్టము 1922 లో రద్దయినను, 1931 నాటి అత్యవసరాధికారముల చట్టముతో అదే పద్ధతి తిరిగివచ్చెను.

4. పఠనమందిరము

ఇట్టి స్థితిలో పాఠకులు చేసిన పనియేమి? వారు మందిరములు కట్టుకొనిరి. భీమవరమునకు సమీపమున కుముదవల్లి గ్రామమున భూపతిరాజు తిరుపతిరాజుగారి పూనికతో 1897 లోనే వీరేశలింగ కవి పేర గ్రంథాలయము వెలసెను. 1914 ఏప్రిలులో బెజవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి అధ్యక్షతను గ్రంథాలయప్రతినిధుల మహాసభ జరిగి, ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము పుట్టెను. దానికి ప్రాణము పోసినవారు అయ్యంకి వెంకటరమణయ్యగారు. 1935 లో కృష్ణా పశ్చిమడెల్టాలో, కొల్లిపర పెదవడ్లపూడుల నడుమ, పాతూరి నాగభూషణముగారు పడవపై గ్రంథాలయమును నడిపించిరి. కాలువ గట్టుననున్న గ్రామమునకు పుస్తకమే పడవయెక్కి వచ్చెను.

ఈ ఉద్యమమున ముఖ్యులలో గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారుండుట మా దృష్టిలో కాకతాళీయము కాదు. వ్రాసినందుకు మూడేండ్లు శిక్ష పొందిన మనుష్యుడు, పిమ్మట ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమునకు అధ్యక్షుడై గ్రంథాలయములకును వయోజనవిద్యకును తన జీవితమున పెద్దభాగమును ధారపోసెను. ఒక సంపాదకుని కారాగారమునకు పంపుట సులువు. ఊరూర చదువరులు తయారైనచో అందరిని పంపుట సులువు కాదు. ఈ సంగతిని ఆయన జీవితక్రమమే బోధించుచున్నది.

పఠనమందిరమనగా ఏమి? ఒక గది, ఒక బల్ల, బల్లపై రెండుమూడు పత్రికలు. చదువు వచ్చినవాడు బిగ్గరగ చదువును, తక్కినవారు విందురు. ఈ సాధారణమైన ఏర్పాటులో మూడు గుణములు దాగియున్నవి. ఒకే బల్లపై భిన్నాభిప్రాయముల పత్రికలుండును గనుక ఒకే వార్త రెండు తీరుల వ్రాయబడుట పాఠకుడు కన్నులార చూచును. వాదించువాడు ఊరివాడే గనుక నేటి మాటకు రేపు సమాధానము చెప్పుకొనవలసియుండును. చదువురానివాడును చర్చలో పాల్గొనవచ్చును గనుక, అభిప్రాయము చదువుకొనినవారి సొత్తుగ మిగిలిపోదు. పౌరశాస్త్రమును పాఠ్యపుస్తకమున చదువకమునుపే గ్రామములవారు ఈ బల్లచుట్టును అభ్యసించిరి.

5. ఎవరికి ప్రవేశము?

ఈ చిత్రమును మరీ అందముగ గీయుట చరిత్రకారునికి తగదు. పఠనమందిరపు అరుగు అందరికిని అరుగు కాలేదు. అది సామాన్యముగ అగ్రకులముల పేటలోనుండెను. మాలమాదిగపేటలవారు ఆ గడప త్రొక్కుట అనేక గ్రామములలో నిషిద్ధము. చదువనేర్చిన స్త్రీయైనను పురుషుల నడుమ కూర్చుండి వాదించుట ఆనాటి మర్యాదకు సరిపడదు. కావున ఎవరికి ప్రవేశము లేదో వారు తమ వేదికలను తామే నిర్మించుకొనిరి. హిందూసుందరివంటి స్త్రీలపత్రికల చరిత్రార్థమిదియే. అరుగుపై చోటులేనివారికి అచ్చుపుటలలో చోటు దొరకెను. 1917 లో బెజవాడలో భాగ్యరెడ్డివర్మగారి అధ్యక్షతను ఆది ఆంధ్రుల మహాసభ జరిగెను. రాజమహేంద్రవరమున కుసుమ ధర్మన్నగారు జయభేరి పత్రికను నడపిరి. తెల్లదొరతనము వలదని దేశమంతయు పాడుచున్నకాలమున, నల్లదొరతనమును వలదని పాట కట్టినవాడాయనయే. రాజ్యమునకు వ్యతిరేకముగ స్వేచ్ఛ కోరువారు ఇంటిలో, ఊరిలో ఆ స్వేచ్ఛనే నిరాకరించుచున్నారని ఆయన చేసిన ఆక్షేపణకు ఆనాటి జాతీయపత్రికలవద్ద సరియైన సమాధానము లేదు.

దీనినిబట్టి మాకు తోచునది: భావస్వాతంత్ర్యమునకు విరోధి ప్రభుత్వమొక్కటే కాదు. గది తలుపుకడ నిలుచువాడును విరోధియే.

6. అధికారము చేతికి వచ్చినపిమ్మట

1936 లో జవహర్‌లాల్ నెహ్రూ పూనికతో భారత పౌరస్వేచ్ఛాసంఘము స్థాపింపబడెను. రవీంద్రనాథ టాగూరు గౌరవాధ్యక్షులు, సరోజినీ నాయుడు కార్యవర్గాధ్యక్షురాలు. మరుసటి యేడు మద్రాసు రాష్ట్రమున రాజగోపాలాచారి ప్రధానిగ కాంగ్రెసు మంత్రివర్గ మేర్పడెను. తెలుగువారినుండి ప్రకాశము పంతులుగారు అందు రెవిన్యూమంత్రి. ఆ సంవత్సరముననే సోషలిస్టు నాయకుడు బాట్లివాలాపై ఆయన ప్రసంగమునకు మద్రాసు ప్రభుత్వము రాజద్రోహనేరము మోపెను. నిన్నటివరకు ఆ సెక్షనుక్రింద శిక్షలనుభవించిన పక్షము నేడు ఆ సెక్షనునే ప్రయోగించెను. కాంగ్రెసులోనే తీవ్రవిమర్శలు చెలరేగెను. పత్రికలు చదువు గ్రామస్థునికి ఇది క్రొత్త పాఠము. పౌరస్వేచ్ఛ తన పక్షమువారికి మాత్రమే కావలెనని కోరినచో అది స్వేచ్ఛ కాదు, పక్షపాతము.

ఇంతకన్న పెద్ద పరీక్ష 1950 లో వచ్చెను. మద్రాసు ప్రభుత్వము 1949 లో కమ్యూనిస్టు పార్టీని నిషేధించియుండెను. బొంబాయిలో రొమేశ్ థాపర్ ప్రచురించు క్రాస్‌రోడ్స్ అను ఇంగ్లీషు వారపత్రిక మద్రాసు రాష్ట్రమున ప్రవేశింపరాదని 1950 మార్చి 1 న ఆజ్ఞ వెలువడెను. నాటికి ఏలూరు, తాడేపల్లిగూడెము, పెంటపాడు మద్రాసు రాష్ట్రములోనివే గనుక ఆ నిషేధము ఈ ప్రాంతమునకును వర్తించెను. 1950 మే 26 న సుప్రీముకోర్టు ఆ యాజ్ఞను కొట్టివేసెను. న్యాయమూర్తి పతంజలిశాస్త్రిగారు వ్రాసిన తీర్పులోని ముఖ్యసూత్రమిది: ప్రకటించు స్వేచ్ఛయందు వ్యాప్తిచేయు స్వేచ్ఛయును ఇమిడియున్నది, వ్యాప్తి లేనిచో ప్రకటనకు విలువ స్వల్పము.

ఈ సూత్రమును మన విషయమునకు అన్వయించి చూడుడు. బొంబాయిలో అచ్చగుటను మద్రాసు ప్రభుత్వము ఆపలేదు, ఆపజాలదు. అది ఆపదలచినది పత్రిక బల్లమీదికి చేరుటను. అనగా ఆ యాజ్ఞవలన హక్కు కోల్పోయినవాడు సంపాదకుడొక్కడే గాక, ఇచ్చటి పాఠకుడును. గ్రంథాలయోద్యమకారులు నలువదేండ్లకుమీదుగ ఆచరణలో చూపినదానినే దేశపు అత్యున్నత న్యాయస్థానము శాసనభాషలో చెప్పెనని మేము భావించుచున్నాము.

ప్రభుత్వము ఊరకుండలేదు. 1951 లో రాజ్యాంగమునకు చేసిన మొదటి సవరణ వాక్‌స్వాతంత్ర్యముపై విధింపదగు పరిమితులలో ప్రజాశాంతి అను పదమును చేర్చెను. అయితే ఆ పరిమితులు సమంజసములై యుండవలెనని అందే చేర్చిన విశేషణము న్యాయస్థానములకు పరిశీలనాధికారము నిలిపెను. 1952 లో వి. జి. రావు కేసున మద్రాసు ప్రభుత్వము మరల ఓడెను. అందు నిషేధింపబడిన సంస్థ పేరు పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ. జ్ఞానమును ప్రజలలో వ్యాపింపజేయుట దాని ప్రకటితోద్దేశము. సమంజసత్వమును ఎట్లు పరీక్షింపవలెనో చెప్పుటకు నేటికిని ఆ తీర్పునే ఉదాహరింతురు.

7. తరువాతి కాలము

గ్రంథాలయములు 1948 నాటి మద్రాసు చట్టముతోను, 1960 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టముతోను ప్రభుత్వరక్షణలోనికి వచ్చెను. ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయపన్ను వసూలగుట, జిల్లాకొక గ్రంథాలయసంస్థ ఏర్పడుట గొప్ప లాభములు. కాని బల్లపై ఏ పత్రిక యుండవలెనో నిర్ణయించు అధికారము చందాదారులనుండి ఉద్యోగులకు మారెను. లాభమును చెప్పునప్పుడు ఈ మార్పును గూడ చెప్పవలెను.

1975 జూన్ 25 న ప్రకటింపబడి 1977 మార్చి 21 వరకు సాగిన అత్యవసరపరిస్థితిలో వార్తలు ముందుగ ప్రభుత్వమునకు చూపి అచ్చువేయవలసివచ్చెను. 1970 దశకముననే శ్రీశ్రీ తొలి అధ్యక్షుడుగ ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘము ఏర్పడెను; తరువాత న్యాయవాది కె. జి. కన్నబిరాన్ చిరకాలము దానికి నాయకత్వము వహించిరి. రాజద్రోహపు సెక్షనును సుప్రీముకోర్టు 1962 లో కేదారనాథ్ కేసున పరిమితార్థములో నిలిపెను. 2022 మే 11 న దాని ప్రయోగమును నిలిపియుంచెను. 2024 జూలై 1 నుండి పాత శిక్షాస్మృతి స్థానమున భారతీయ న్యాయసంహిత అమలులోనికి వచ్చెను. అందు రాజద్రోహమను పేరు లేదు. 152 వ సెక్షనున దేశసమగ్రతకు భంగము కలిగించు వ్రాతలకును మాటలకును శిక్ష కలదు. పేరు మారగ సారమెంత మారెనో ఇక ముందు తీర్పులు చెప్పవలెను.

వీనిలో 2015 మార్చి 24 నాటి శ్రేయా సింఘల్ తీర్పు మా విషయమునకు సన్నిహితమైనది. కంప్యూటరు ద్వారమున పంపు సందేశములను శిక్షించు 66-ఎ సెక్షనును సుప్రీముకోర్టు అందు కొట్టివేసెను. చర్చించుట, ఒక పక్షమును సమర్థించుట, నేరమునకు పురికొల్పుట అను మూడింటికిని భేదము కలదనియు, మొదటి రెండును ఎంత అప్రియములైనను హక్కులోనివే యనియు ఆ తీర్పు తెలిపెను.

రాజకీయచర్చ కేవలము తీరికవేళల వినోదమని తలచువారికి కొల్లేటినుండి ఒక యుదాహరణము. ఐదవ కాంటూరువరకు 308 చదరపు కిలోమీటర్ల మేర కొల్లేరు 1999 లో అభయారణ్యముగ ప్రకటింపబడెను. 2002 లో అంతర్జాతీయ రామ్‌సార్ జాబితాలో చేరెను. 2006 లో ప్రభుత్వము అందలి చేపలచెరువుల గట్లను తెగగొట్టించెను. సరస్సు బ్రతుకవలెననుట ఒక న్యాయము. చెరువుపై జీవించువాడు బ్రతుకవలెననుట మరియొక న్యాయము. పెద్ద చెరువుల యజమానుల లాభమును చిన్న జాలరి జీవనమును ఒకే మాటతో చెప్పు పత్రిక ఏది, వేరుచేసి చెప్పు పత్రిక ఏది అని తూచిచూచుటకు ఒకటికన్న ఎక్కువ పత్రికలు కావలెను. వానిని ప్రక్కప్రక్కన పెట్టి చదువు పాఠకుడును కావలెను.

8. ఉపసంహారము

ఇంతవరకు పరిశీలించినదానినుండి తేలునది సంగ్రహముగ ఇది. మన ప్రాంతమున భావస్వాతంత్ర్యమునకు మూడు కాళ్లుండెను: వ్రాయగల సంపాదకుడు, కాపాడగల చట్టము, వాదింపగల పాఠకసమాజము. మొదటి రెంటి చరిత్రయందు ఓటమి, గెలుపు ఒకదానివెంట నొకటి వచ్చుచునేయున్నవి. మూడవది నిలిచినంతకాలము మొదటి రెండును పడిపోయినను మరల లేచెను. 1908 నాటి శిక్ష పిమ్మట 1914 నాటి మహాసభ వచ్చుటకు కారణమిదియే.

నేడు పఠనమందిరపు బల్ల ప్రతివాని అరచేతిలోనికి వచ్చినది. గడప త్రొక్కనీయనివారికి గూడ ప్రవేశము దొరకుట నిస్సందేహముగ మేలు. అయితే వెనుకటి బల్లకుండిన రెండు గుణములు ఇచ్చట లోపించుచున్నవి. తన అభిప్రాయమునకు సరిపోవు వార్తయే తనకు చేరుటచేత రెండవ పత్రిక కంటబడదు. వాదించువాని మొగము తెలియదు గనుక మాటకు జవాబుదారి యుండదు. ఈ లోపములను సాకుగ చూపి ప్రభుత్వములు నిషేధములకు దిగుట 1878 నాటి తర్కమునే పునరుక్తి చేయుట. పాఠకులు తమంతట తామే రెండవ పత్రికను బల్లపై పెట్టుకొనుట, తమ మాటకు తాము బాధ్యులగుట 1914 నాటివారు చూపిన మార్గము. మేము రెండవదానినే శ్రేయస్కరముగ తలచుచున్నాము.

చివరకొక విన్నపము. పెంటపాడు, తాడేపల్లిగూడెము పరిసరములలోని పాత గ్రంథాలయములలో చందాపుస్తకములు, సభ్యుల పట్టీలు, తీర్మానముల పుస్తకములు మిగిలియున్నచో, అవి చెదల పాలుగాకముందే మన పరిశోధకవిద్యార్థులు సేకరింపవలెను. ఏ యేట ఏ పత్రిక తెప్పించిరి, ఏ యేట ఏ పత్రికను మానిరి, సభ్యులలో ఏ పేటలవారెందరు, స్త్రీలెందరు అను లెక్కలు అందుండును. సంపాదకుల చరిత్రను వ్రాసుకొంటిమి. పాఠకుల చరిత్రను వ్రాయుట ఇకనైన ఆరంభింపవలసియున్నది.